పసుపు పెట్టిన పార్సిలు

పెండ్లి చీర నిలబడి కొంటారా ఎవురైనా? మా కాంప్లెక్స్ ఓనరు విష్ణువర్ధన్‌ను ఇదే అడిగినా. "అసలు పైకి ఎవురొస్తాండారక్కా?" అని ఎదురు నన్నే అడిగినాడు.

అనంతపురంలో ఆ కాంప్లెక్స్ మేడ మీద నాది ధర్మవరం పట్టుచీరల అంగడి. జమఖానా పరిచి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, చీరలు ఒళ్లో వేసి చూపిస్తా. ఇప్పుడు అందరూ ఫోన్లోనే కొంటాండారు. మెట్లెక్కేవాళ్లు లేరు. అందుకని విష్ణువర్ధన్ కింద బట్టల అంగళ్లు ఎత్తేసి తినే అంగళ్లు పెట్టినాడు. నా అంగట్లో పిల్లోళ్లు ఆడుకునే బొమ్మలు పెడతాడంట, నాకేమో మెట్ల కింద బీరువా అంత చోటిస్తాడంట! "ఉగాది లోపల జనం పైకొస్తే ఉండు. లేకుంటే జమఖానా చుట్టేసుకో" అని తేల్చేసినాడు. నాకు కడుపు మండిపోయింది. మా ఆయన పోయినాక నన్ను నిలబెట్టింది ఆ జమఖానానే గదా.

మా కోడలు పద్మప్రియ ఒక స్టాండుకు ఫోను తగిలించి, "అత్తా, దీన్ని చూసి చీరలమ్ము. అంగట్లో మాట్లాడినట్లే మాట్లాడు" అనింది. నా నోరు ఊరుకుంటాదా? "ఆ రంగు నీకొద్దు తల్లీ, జరమొచ్చినదాని మాదిరి ఉంటావు" అని ఫోన్లో అడిగిన పిల్లకు మొహం మీదనే చెప్పినా. నేను తిట్టే కొద్దీ చూసేవాళ్లు ఎక్కువైనారు. ఏం కాలమప్పా ఇది!

పద్మ ఒక షరతు మాత్రం పెట్టింది. "నచ్చకుంటే ఎనక్కి పంపొచ్చని చెప్పినాం. పార్సిలు చీరలకు పసుపు పెట్టొద్దత్తా." అంగట్లో అయితే, ఇదే మాకు అని వాళ్లు అన్న వెంటనే చీర కొసకు పసుపు పెడతా. పసుపు పడినాక అది ఆ ఇంటి చీర. ఇంకొకరికి అమ్మేదానికి లేదు. సరేలే అన్నా.

కంబదూరు ఓబమ్మవ్వ మనవరాలి పెండ్లికని ఫోన్లో చూసి, "ఇదే మాకు" అనింది. అంతే, నా చెయ్యి పసుపు గిన్నెలోకి పోయింది, ఆడ నుంచి చీర కొసకు పోయింది. "అత్తా!" అని పద్మ అరిచినాక గాని నాకు తెలీలేదు. చేసేదేముంది, అట్లే పంపినాం.

చీర చేరిన దినమే అవ్వ ఫోను చేసింది. "ఫోన్లో మామిడి చిగురు రంగు కనపడె, ఈడ చూస్తే రాగి రంగుండాది. మేమే వస్తాం" అని పెట్టేసింది. చీర పోతే పోయింది, అందరి ముందర నన్ను మోసగత్తె అంటే ఇంక జమఖానా చుట్టుకోవాల్సిందే.

వచ్చినారు. ఆటో నిండా వచ్చినారు. అవ్వ ఆయాసపడతా మెట్లెక్కి, జమఖానా మీద చతికిలబడింది. నేను బెదురుకుంటానే, "ఆ చీర ఇట్లియ్యవ్వా, ఇంకోటిస్తా" అన్నా.

"ఏమమ్మా, తెలిసే మాట్లాడతాండావా?" అని నా మీదికే లేసింది అవ్వ. "పసుపు పెట్టిన చీర ఎనక్కిస్తారా? పెండ్లి ఇంట అంత అశుభం యాడన్నా ఉండాదా? అది నేను కట్టుకుంటా. పాపకు ఇంకోటి చూపీ, ఈడ కూర్చోనే చూస్తాం."

నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. చీర మీద చీర పరిచినా. కింద నుంచి బజ్జీలు తెప్పించుకోని తింటా, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతా, అంగడంతా పెండ్లిల్లు చేసేసినారు.

అప్పుడే విష్ణువర్ధన్ టేపు పట్టుకోని పైకొచ్చినాడు, బొమ్మలకు కొలతలు తీసుకుందామని. కాలు పెట్టే చోటు లేదు.

"చెప్పులు ఇడ్సి రా నాయనా, జమఖానా" అనింది అవ్వ. "వచ్చి ఈ చీర కొస పట్టుకో. పొడుగ్గా ఉండావు, బాగా కనపడతాది."

పట్టుకున్నాడు! కుడి చేతిలో చీర, ఎడమ చేతిలో టేపు. కొంచేపు అందరినీ చూసి, "బొమ్మలు పక్క గదిలో పెడతాలేక్కా. పిల్లోళ్లు ఆడుకుంటాంటే పెద్దోళ్లు ఈడ కూర్చుంటారు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల పద్మ లేసి పోయి, పసుపు గిన్నె తెచ్చి ఫోను పక్కన పెట్టింది.