ముందుగా వచ్చు గ్రహము

గ్రీష్మమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తశిలాసంకులమగు ఆ కొండమీద పక్షి పలుకక పచ్చిక మిగులక వేధశాల వెండిగుమ్మటము మాత్రము కన్నులు పొడుచునట్లు ధగధగలాడుచుండెను. దాని నీడలో గడియారముల మరమ్మతుకాడు మోక్షాచారి వేపాకు నమిలినవానివలె మొగము పెట్టుకొని నిలిచియుండెను. ఐదవ తరగతితో చదువు మానినవాడైనను ముప్పది యేండ్లుగా అచ్చటి కాలమును సరిగా నడిపినవాడు అతడే.

ఆ వేధశాలవారు ఒక నక్షత్రమును అంటీయంటనట్లు ఇరువదియారు గంటల కొకమారు చుట్టివచ్చు మహాగ్రహమును ఐదేండ్లుగా కనిపెట్టుచుండిరి. అది నక్షత్రబింబమునకు అడ్డువచ్చు వేళ యేటేట ముందునకు జరుగుచుండగా అధిపతి చక్రధరరావు తన గణితము తప్పెననుట కోర్వక గడియారమే మందగించెనని తేల్చి ప్రతి సంవత్సరమును ముల్లును ముందునకు త్రోయించుచు వచ్చెను. ఆకాశమునకు గాక అధికారికి సరిపోవునట్లు కాలమును త్రిప్పవలసివచ్చినప్పుడెల్ల ఆచారి చీదరించుకొనుచునే ఆ పని చేయుచుండెను.

నాడు తనిఖీకి వచ్చిన పరీక్షాసంఘము ఆచారిని లోపలి గడియారము కడకు పిలిపించెను. పాడైన గడియారముతోపాటు దాని కాపరినిగూడ సాగనంపవలెనని అధిపతి విన్నపము.

"ఏమయ్యా ఆచారీ, ముసలితనం నీ గడియారానికా, నీకా?" అని అతడు నవ్వగా చుట్టునున్నవారందరు లయ తప్పక నవ్విరి.

"నా గడియారం బాగుండాది సార్. ఆ గ్రహమే ముందొస్తాండాది" అని ఆచారి వెనుకమూత విప్పెను. ముల్లు కదిపినప్పుడెల్ల తేదీయు సవరణయు మూతలోపల సూదితో గీయుట ఆ పనివారి వాడుక. అచ్చట వరుసగా ఐదు, పదిహేను, ఇరువదియైదు, ముప్పదియైదు, నలుబదియైదు సెకండ్లు గీయబడియుండెను.

సంఘసభ్యురాలగు విమలాబాయి వానిని చదివి "చెడిపోయిన గడియారం ఇంత వరసగా చెడదు రావుగారూ. అంత దగ్గర తిరిగే గ్రహం నక్షత్రం ఒంట్లో సముద్రపు పోటులాంటి ఉబ్బు లేపుతుంది. ఆ ఉబ్బు వెనకబడి గ్రహాన్ని వెనక్కి లాగుతుంది. దారి చిన్నదై చుట్టు తొందరగా ముగుస్తుంది. మీ గ్రహం నక్షత్రంలోకి దిగిపోతోంది!" అనెను.

అధిపతి రెప్పపాటున రంగు మార్చి "నేను కనిపెట్టిందీ అదే! ఆ గీతలు గీయమన్నది నేనే. అవునని చెప్పవయ్యా, నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అనెను.

ఆచారి ఉమ్మివేయదలచి మ్రింగి "గీయమన్నది మీరు కాదు సార్. నాకీ పని నేర్పిన మా నాయన" అని ఆ ఐదు సవరణల మొత్తమగు రెండు నిమిషముల ఐదు సెకండ్లు ముల్లును వెనుకకు త్రిప్పి తాళపుచెవిని బల్లపై విసరి ఎండలోనికి నడచెను.

నవ్వినవారు నవ్విన తావుననే అధిపతిని చుట్టుకొని నిలిచిరి. అంత చేరువ తిరుగువారికి వెలుగు దక్కునేగాని దారి దక్కదు. అనంతదూరమున ఆ మహాగ్రహము తన నక్షత్రపు వేడిమికి ఉబ్బి కమిలి మరియొక వెంట్రుకవాసి లోనికి దిగెను.