ఎడమచేత్తో పెట్టిన ఉప్మా

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలంలో, సునాబెడ ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసే సూర్యారావు తల్లికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. గుణుపురం స్టేషను దగ్గర ఏళ్ళ తరబడి టిఫిన్ల దుకాణం నడిపిన సత్యభామ, కొడుకు క్వార్టర్లో మంచానికి అతుక్కుపోయింది. కోడలు బుల్లమ్మకు నెలలు నిండుతున్నాయి. అత్తగారిని లేపి కూర్చోబెట్టడం ఆమె వల్ల కాలేదు. అందుకని క్యాంటీను వంటవాడు గున్నయ్య కూతురు చిన్నమ్మిని పనికి పిలిచారు.

చిన్నమ్మి తమ్ముళ్ళను ఎత్తుకు పెంచిన పిల్ల. ముసలమ్మను చూసుకోవడం ఏపాటి పని అనుకుంది. వస్తూనే దుప్పటి లాగేసి, మొహం తుడిచేసి, జడ వేసేసి, ఉప్మా పళ్ళెంతో మంచం మీద కూర్చుంది. రెండు చెంచాలు తిన్నాక సత్యభామ నోరు బిగించేసింది. మూడోది పెట్టబోతే ఎడమచేత్తో పళ్ళెం తోసేసింది. ఉప్మా నేలపాలైంది.

రోజూ ఇదే వరస. ఒకనాడు చిన్నమ్మి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

"ఒదినా, ఇంక నా వల్ల కాదు. మామ్మకి నేనంటే గిట్టదు."

"ఆవిడ నోట్లోంచి మాట రాదు కదమ్మీ, ఏటి కావాలో మరెలా సెప్తాది?" అంది బుల్లమ్మ. "ఈ పూటకి పెట్టీసి ఎల్లు. మీ అన్నయ్యతో నేను సెప్తాన్లే."

ఆ పూట చిన్నమ్మి పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి, సత్యభామ చెంచా కోసం చెయ్యి చాపింది. తనే తింటుందేమోనని ఇచ్చింది. సత్యభామ చెంచా నిండా ఉప్మా తీసి, ఎడమచేత్తో చిన్నమ్మి నోటికి అందించింది. చిన్నమ్మి తెల్లబోయి నోరు తెరిచింది. నమిలేలోగానే ఇంకో చెంచా వచ్చింది. అది మింగకముందే మరొకటి. మిరపకాయ కొరుక్కుని, పొలమారి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే చిన్నమ్మి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగు మామ్మా, ఆగు! నన్ను మింగనీ!"

సత్యభామ చెంచా దించి ఆమె వైపే చూసింది.

చిన్నమ్మికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ మామ్మ అడగలేకపోయినది ఈ ఒక్కమాటే.

"నేను నీకు ఇలాగే పెడుతున్నానేటి?" అని మెల్లిగా అడిగింది.

సత్యభామ తలూపింది. వంకర పోయిన పెదవి కదిలి, గొంతులోంచి గురగురమని నవ్వు వచ్చింది. చిన్నమ్మి కూడా పొలమారుతూనే నవ్వింది. బుల్లమ్మ పొట్ట పట్టుకుని గుమ్మంలోకొచ్చి ఇద్దర్నీ వింతగా చూసింది.

సూర్యారావుతో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాత చిన్నమ్మి ఏ పని చెయ్యబోయినా ముందు అడిగేది. నీళ్ళు వేడి సరిపోయాయా, జడ వెయ్యనా ముడి వెయ్యనా, ఏ పక్కకు తిప్పమంటావు? సత్యభామ కళ్ళతోనో చేత్తోనో జవాబిచ్చేది. టౌన్‌షిప్ ఆసుపత్రి నర్సమ్మ గురమ్మ చిన్నమ్మికి, కాళ్ళకు వ్యాయామం చేయించడం, వీపుకు పుండ్లు పడకుండా చూడటం నేర్పింది. ఎండాకాలం వచ్చేసరికి సత్యభామ చిన్నమ్మి భుజం పట్టుకుని వరండా దాకా నడిచింది. బుల్లమ్మకు పుట్టిన మనవరాల్ని ఎడమచేత్తో ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కొన్ని మాటలు తిరిగి వచ్చాయి.

కోరాపుట్‌లో దిక్కులేని వృద్ధులకు ఒక ఆశ్రమం తెరుస్తున్నారనీ, చూసుకునే మనుషులు కావాలనీ గురమ్మ చెప్పినప్పుడు చిన్నమ్మి వెనకాడింది.

"మామ్మని ఒగ్గీసి ఎలాగెల్తాను?"

"బుల్లమ్మ... ఉంది," అంది సత్యభామ, కూడబలుక్కుంటూ. "ఆళ్ళకి... ఎవులున్నారు? ఎల్లు."

చిన్నమ్మి వెళ్ళింది. మొదటి సెలవు దొరకగానే బస్సెక్కి సునాబెడ వచ్చి, సత్యభామ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కడ ఆశ్రమం నడిపే పెద్దమ్మగారు నన్ను మెచ్చుకున్నారు మామ్మా. ఎవులు నేర్పేరని అడిగేరు. నీ పేరు సెప్పేను."

సత్యభామ సిగ్గుపడినట్టు తల తిప్పుకుంది. తర్వాత ఎడమచెయ్యి ఆమె నెత్తిన పెట్టి, "ఎవులెవులున్నారు... సెప్పు," అంది.

చిన్నమ్మి కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. రాయగడ రైల్వేలో పనిచేసి, ఇప్పుడు ఆశ్రమంలో ఉంటున్న జోగయ్య తాతతో మొదలుపెట్టింది.