గుర్రం డబ్బా, దుప్పి డబ్బా

అద్దం పలకకు ఒక కొసన అగ్గిపెట్టె పెట్టి ఎత్తు చేసి, రాజనర్సు నలభై మూడో ఛర్రాను దొర్లించాడు. అది బుద్ధిగా కాస్త ఎడమకు వంగుతూ దిగి, కింద పరిచిన గుడ్డ మీదికి చేరింది. నలభై నాలుగోది మాత్రం సగం దారిలో కుడివైపు తిరిగింది. "నీకేం పుట్టిందే," అని దాన్ని చిటికెన వేలితో పక్కకు నెట్టి, నలభై ఐదోదాన్ని అందుకున్నాడు.

ఛర్రా అంటే గాలి తుపాకిలో పెట్టే సీసపు గుండు. జొన్నగింజ కన్నా కొంచెం పెద్దది, నడుము సన్నం, బుడబుక్కలవాడి చేతి డమరుకానికి పిల్ల అన్నట్టు ఉంటుంది. మందూ మంటా లేకుండా వట్టి గాలితోనే దూసుకుపోతుంది. నిజాంసాగర్ కాలువలు పారినప్పటి నుంచి బోధన్ చుట్టుపక్కల చెరుకు పెరిగింది, తోటలు పెరిగాయి. తోటలను చూసి చిలకలు పెరిగాయి. చిలకలు పెరిగాక నిజామాబాద్ స్టేషను దగ్గరి రామ్‌దాస్ సేఠ్ దుకాణంలో లాంతర్లు, తాళాలు, తలుపు బందుల పక్కన ఛర్రాల డబ్బాలకు ఒక అర ప్రత్యేకంగా వెలిసింది.

అరలో రెండే రకాలు. ఒక డబ్బా మూత మీద గుర్రం తల, ఇంకోదాని మీద దుప్పి తల. రెండూ ఓడ మీద ఇంగ్లీషు సీమ నుంచి వచ్చినవే. అదే ఎరుపు, అదే గుండ్రటి ఆకారం, అదే బరువు. దుప్పికి కొమ్ములు లేకపోతే దాన్ని గీసినవాడు కూడా పోల్చుకోలేడు. అందుకే కొనడానికి వచ్చిన ప్రతివాడూ చెరో చేతిలో చెరో డబ్బా పట్టుకుని, చివరికి గుమస్తా రాజనర్సు మొహం చూసేవాడు.

"గుర్రం," అనేవాడు రాజనర్సు.

అంతే. ఆ ఒక్క మాట మీద ఇరవై రెండేళ్లు గడిచాయి. సన్నటి మనిషి. నల్ల టోపీ, నెరిసిన మీసం, సీసం పట్టి ఎప్పుడూ మసిగా ఉండే వేలికొసలు. భార్య పెద్ద జ్వరాల ఏట పోయింది. కూతురు తారాబాయిని వర్నిలో ఇచ్చాడు. పొద్దున రొట్టె, పగలు దుకాణం, సాయంత్రం స్టేషనులో బండి వచ్చేదాకా కూర్చుని అది పోయాక లేచి రావడం. ఈ మధ్యలో ఎవరైనా ఆయనను ఒక మాట అడిగి, ఆ మాట నమ్మి పోయేది ఛర్రాల దగ్గరే. ఆ కాస్త గౌరవం కోసమే డబ్బా డబ్బా విప్పి, అద్దం మీద దొర్లించి, వంకరవి ఏరేసేవాడు. సేఠ్ చెప్పిన పని కాదది.

మధ్యాహ్నం కావస్తుండగా దుకాణం ముందు ఎద్దులబండి ఆగింది. అరవయ్యేళ్ల ఆడమనిషి దిగింది. గోచి కట్టు, చేతులకు వెండి కడియాలు, చంకలో గొంగడి చుట్టిన పొడుగాటి మూట. మోస్రా ఊరి హన్మవ్వ. కాలువ పక్కన చెరుకు, పసుపు, రెండెకరాల జామతోట ఆమెవి. మొగుడు పోయాక అన్నీ తానే చూసుకుంటున్నది. వస్తూనే రెండు ఖాళీ డబ్బాలు బల్ల మీద టంగుమని పెట్టింది.

"గిది నీ గుర్రం. గిది నీ దుప్పి. రెండు ఒడిసినయ్. ఒక్క సిలుక బెదరలే. తోటల సగం కాయ వాటి కడుపులకే పాయె. ఏది మంచిదో తెలిసి సెప్పు తమ్మీ."

"గుర్రమే మంచిదవ్వ."

"సిలుకను సంపితే పాపం. నాకు దాని పక్కన ఆకు రాలాలె, సిలుక రాలొద్దు. గంత సక్కగ పోయేది కావాలె. మల్ల సెప్పు."

"గుర్రమే."

హన్మవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు కొట్టి సూసినవా?"

ఇరవై రెండేళ్లలో రాజనర్సును ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కొనేవాళ్ల తుపాకి నడుము విరిచి ఛర్రా పెట్టే చోటు చూపించాడు, మూసి చూపించాడు, నూనె రాశాడు, తుడిచాడు. పేల్చడం ఎన్నడూ లేదు. దుకాణంలో లాంతరు చిమ్నీలు ఉంటాయి కాబట్టి సేఠ్ ఒప్పుకోడు, బయట పేల్చడానికి తనకు సొంత తుపాకి లేదు. అవునని అనేస్తే అయిపోయేది. అవ్వ నమ్మి, గుర్రం డబ్బా కొనుక్కుని పోయేది. ఆ అబద్ధం గొంతు దాకా వచ్చింది కూడా.

"లేదవ్వ," అన్నాడు. "నేను కొత్తగ వచ్చినప్పుడు పాత గుమస్తా ఒకాయన గుర్రమని చెప్పిండు. గదే చెప్పుకుంట వస్తున్న. నాకు తెల్వదు."

గద్దె మీద సేఠ్ తలెత్తాడు. ఇరవై రెండేళ్ల పరువు బల్ల మీద ఖాళీ డబ్బాల పక్కన పడి ఉన్నట్టనిపించింది రాజనర్సుకు. ఇక ఆ గుర్రాన్ని ఏ మొహంతో అమ్మాలి?

హన్మవ్వ మాత్రం గొంగడి విప్పింది. లోపల గాలి తుపాకి. "అయితే ఇయ్యాల తెలుసుకుందాం, లే."

"పెరట్లో కొట్టుకోండ్రి," అన్నాడు సేఠ్ నవ్వుతూ. "నా చిమ్నీలకు మాత్రం దండం పెట్టి పోండ్రి."

పెరట్లో వేపచెట్టు, వెనక సున్నం గోడ. గోడకు అవతల బీడీలు చుట్టే గంగుబాయి ఇల్లు. రాజనర్సు గోడ మీద బొగ్గుతో అరచేయంత సున్న గీసి, పదడుగులు వెనక్కి వచ్చి, గుర్రం ఛర్రా ఒకటి పెట్టి గురి చూశాడు. నొక్కాడు.

టప్పుమంది. గొట్టంలోంచి పసుపు పచ్చటి పొగ బుస్సుమని లేచింది.

గోడ మీద గుండు ఎక్కడ తగిలిందో ఎవరూ చూడలేదు. గంగుబాయి బీడీ ఆకుల చేట చేత్తో పట్టుకునే గోడ మీంచి తొంగిచూసి, "ఎవరి పెండ్లి సేఠ్?" అని అరిచింది. దుప్పి ఛర్రా పెట్టి కొడితే మళ్లీ అదే పసుపు. పొగ పోయాక చూస్తే ఒకటి సున్నకు మూరెడు పైన, ఒకటి మూరెడు పక్కన.

రాజనర్సు గొట్టం మూతికి వేలు రాసి చూసుకున్నాడు. వాసన చూశాడు. "అవ్వా, ఛర్రాలు దేంట్ల దాస్తవ్?"

"దేంట్ల దాస్త? పసుపు కుండల. పప్పుకు పురుగు పట్టదు, బియ్యంకు పట్టదు. గివి మాత్రం తుప్పు పడుతయా ఏంది?"

నడుము పల్చన చేసి, లోపల గుల్ల చేసి, సీమదొరలు కష్టపడి పోసిన ఒక్కొక్క ఛర్రాలోనూ చిటికెడు పసుపు కూరి, ఏడాదిగా చిలకలకు గంధాలు చల్లుతున్నది మోస్రా హన్మవ్వ. సేఠ్ మెట్ల మీద కూలబడి నవ్వాడు. గంగుబాయి చేటలోని ఆకులు జారిపోయేలా నవ్వింది. హన్మవ్వ ముందు కోపంగా చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికన్నా ఎక్కువ నవ్వింది. "నా సిలుకలకు కడుపునొప్పి రాకుంట సూసినన్నట్టు," అంది కళ్లు తుడుచుకుంటూ.

రాజనర్సు కండువా అంచు చింపి, లాంతరు గ్యాసునూనెలో తడిపి, పురికొసకు కట్టి గొట్టంలోంచి లాగాడు. పసుపు వచ్చింది. ఇంకోటి చింపాడు. నాలుగో పేలిక తెల్లగా వచ్చేసరికి కండువా పొడవు అరచేయంత తగ్గింది. మళ్లీ తుపాకి ఎత్తాడు.

గుర్రం ఛర్రాలు అయిదు కొట్టాడు. అయిదూ సున్న చుట్టూ తలోదిక్కు. దుప్పివి అయిదు కొట్టాడు. మూడు సున్నలో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి, రెండు గీత మీద. నమ్మలేక మళ్లీ గుర్రం, మళ్లీ దుప్పి. అదే వరస.

ఆయన గోడ దగ్గరికి పోయి ఆ చిల్లుల మీద వేళ్లు ఆనించాడు. ఇరవై రెండేళ్లు. ఎంతమందికి చెప్పాడో. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా సంతోషం వేసింది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు. తెలుసుకోవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

"అవ్వా, నీ తుపాకికి దుప్పి," అన్నాడు. "వేరేవాళ్ల తుపాకికి ఏదో నాకు తెల్వదు. ఎవల తుపాకి వాండ్లు తెచ్చి చూడాలె."

"గోడకు రెక్కలున్నయా? గిది కొట్టు సూస్త." హన్మవ్వ బండిలోంచి జామరెమ్మ ఒకటి తెచ్చింది. ఒక కాయ, ఒక ఆకు. కొప్పుకు కట్టిన ఎర్ర దారం విప్పి, రెమ్మను వేపకొమ్మకు వేలాడగట్టింది. "కాయ సిలుక అనుకో. ఆకు కొట్టు. కాయకు తాకితే నువ్వు పాపం జేసినట్టే."

రెమ్మ గాలికి ఊగుతోంది. గంగుబాయి చేట పక్కన పెట్టింది. సేఠ్ కూడా మెట్ల మీంచి లేచాడు. రాజనర్సు ఒక కన్ను మూశాడు. రెమ్మ ఒకసారి పోయింది, వచ్చింది, పోయింది. అది వచ్చే తావులో గురిపెట్టి ఆగాడు. వచ్చింది. నొక్కాడు.

ఆకు ఒక్కసారి వణికి, ఊగుతూనే ఉండిపోయింది. మధ్యలో గుండ్రటి చిల్లు. కాయ చెక్కు చెదరలేదు.

"అబ్బబ్బ!" అని గంగుబాయి ఒక్క కేక పెట్టింది. రాజనర్సు టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు.

హన్మవ్వ అప్పుడే అడిగింది. "మా తోటకు కావలి మనిషి కావాలె. తెల్వనిది తెల్వదని సెప్పేటోడు దొరుకడు. తుపాకి నీ సేతిలనే ఉంటది. వస్తవా తమ్మీ?"

రాజనర్సు సేఠ్ వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తవ్?" అన్నాడు సేఠ్. "ఇయ్యాల్టి దాక నిన్ను గిట్ల నవ్వంగ నేను చూసిన్నా? జామ కాపు అయినంక రా."

"వస్త సేఠ్."

సాయంత్రం స్టేషనుకు బండి వచ్చే వేళకు, ఒక చిన్న మూటతో రాజనర్సు ఎద్దులబండి వెనక కూర్చుని మోస్రా దారి పట్టాడు. తుపాకి ఒళ్లో ఉంది. మలుపు దాకా చెయ్యి ఊపాడు.

జామ కాపు అయింది. సీతాఫలాలు వచ్చి పోయాయి, రాజనర్సు మాత్రం తిరిగి రాలేదు. మోస్రా నుంచి వచ్చినవాళ్లు, ఆయన బాగున్నాడని, చిలకలతో పగలంతా కొట్లాడుతాడని, ఒక్కటి కూడా చావలేదని చెప్పేవారు. సేఠ్ కొత్త గుమస్తాను పెట్టుకోలేదు. ఛర్రాలు ఏవి మంచివని ఎవరైనా అడిగితే, తుపాకి తెచ్చుకొమ్మని పెరట్లోకి పంపేవాడు.

అప్పటికే గంగుబాయి కాయను ఎప్పుడో తెంపుకు తినేసింది. వేపకొమ్మకు ఎర్ర దారం, దారానికి ఎండిన రెమ్మ, రెమ్మన మిగిలిన ఒక్క ఆకు, దాని నడుమ గుండ్రటి చిల్లులోంచి కనిపించే కాస్తంత తెల్లగోడ.