నీళ్ళ పళ్ళెంలో పరీక్ష

మామగారి నడుము పట్టేసినప్పటి నుంచి, కోళ్ళ ఫారంలో మేత గది తాళంచెవి ఏ అల్లుడికి దక్కుతుందా అన్నదే ఆ ఇంట్లో పెద్ద చర్చ. చిన్నల్లుడికి అది కావాలి. పెళ్ళిచూపులప్పుడు కూడా ఆయన అంతగా ఆశపడలేదు. ఈ సంగతి భార్యకు తెలియకపోవడం ఆయన అదృష్టం.

పెద్దల్లుడిది ఒకటే వాదన. "కోడికి కడుపు నిండితే చాలు. బస్తా మేతలో గుప్పెడు ఖనిజాల పొడి ఏ మూలకొస్తుంది?"

"కూరలో ఉప్పెంత వేస్తారన్నయ్యా? ఓ పూట మానేసి చూడండి," అనేవాడు చిన్నల్లుడు. "జింకు, మాంగనీసు కూడా అంతే. అవి లేకపోతే ఎంత సున్నం తిన్నా ఎముక సరిగ్గా పెరగదు."

మామగారు ఈ గోల భరించలేక ఒకే ఈడు కోడిపిల్లల్ని రెండు వాటాలు చేసి, షెడ్డు మధ్య వల కట్టించారు. పెద్దల్లుడు తన వాటాకి ఉత్త మేత పోసి నిద్రపోయేవాడు. చిన్నల్లుడు మాత్రం పొడిని ముందు దోసెడు మేతలో, ఆ దోసెడును బుట్టెడులో, ఆ బుట్టెడును బస్తాలో కలిపేవాడు. ఒకేసారి కుమ్మరిస్తే పొడంతా అడుక్కి దిగిపోతుందని ఆయన భయం.

కోళ్ళు ఎదిగాక మామగారు పరీక్ష పెట్టారు. పశువుల డాక్టరు చెప్పిన పద్ధతే. వెడల్పాటి పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు పోసి కోళ్ళని నిలబెట్టాలి. కాళ్ళు గట్టివైతే, ఒళ్ళు తడవకూడదని నిలబడతాయి. కాళ్ళలో సత్తువ లేకపోతే కూలబడతాయి. ఎవరి పళ్ళెం వాళ్ళే సిద్ధం చేసుకోవాలి.

తెల్లవారేసరికి ఎముకలు కొరికే చలి. పెద్దల్లుడు కుళాయి తిప్పి పళ్ళెంలో చన్నీళ్ళు పట్టేశాడు. చిన్నల్లుడు తన కోళ్ళ వంక చూశాడు. ప్రాణం ఉసూరుమంది.

పరీక్ష మొదలైంది. పెద్దల్లుడి కోళ్ళు గజగజ వణుకుతూ నిలబడ్డాయి. చిన్నల్లుడి కోళ్ళు ఒకదాన్నొకటి చూసుకుని, రెక్కలు విప్పి, సుఖంగా నీళ్ళలో కూర్చున్నాయి. ఒకటి కళ్ళు కూడా మూసుకుంది.

"అయిపోయింది నీ జింకు!" అని పెద్దల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. మామగారు నిట్టూర్చి మొలలోంచి తాళంచెవి తీశారు. చిన్నల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళ చాకిరీ నీళ్ళపాలైనందుకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన భార్య వంగి పళ్ళెంలో వేలు పెట్టింది. "ఏవండీ, ఇవి వేణ్ణీళ్ళు కదూ?"

"చలి కదే... పాపం, వాటికి జలుబు చేస్తుందని..."

"నాకెప్పుడైనా కాచారా?"

మామగారు ముక్కున వేలేసుకున్నారు. పెద్దల్లుడు మాత్రం తగ్గలేదు. "సాకులొద్దు. కూర్చున్నాయా లేదా?" అంటూ, కునుకు తీస్తున్న కోడిని రెండు చేతులా పట్టి చలిలోకి లాగాడు.

దానికి ఒళ్ళు మండింది. కింద కాలు పెట్టగానే ఎగిరి ఆయన పిక్క పొడిచింది. మిగతావీ పళ్ళెంలోంచి దూకాయి. పెద్దల్లుడు "బాబోయ్!" అని పరుగు. వెనకే తడి కోళ్ళు. షెడ్డు చుట్టూ తిరిగాడు, గడ్డిమోపు దూకాడు. కోళ్ళూ దూకాయి. ఆఖరికి ఆయన నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కి పైమెట్టు కావలించుకున్నాడు. చన్నీళ్ళకు జడిసి అంతసేపూ నిలబడ్డ ఆయన సొంత కోళ్ళను పళ్ళెంలోంచి దింపితే, నాలుగడుగులు కుంటి నేలకు చతికిలబడ్డాయి.

మామగారు నడుము పట్టుకుని నవ్వారు. నవ్వితే నొప్పి, నొప్పి పుడితే ఇంకా నవ్వు. "ఆ కాళ్ళు చూశావుటయ్యా పెద్దల్లుడూ? కనబడుతున్నాయా పైనుంచి?"

"కనబడుతున్నాయి మామయ్యా, ముందు వాటిని ఆపమనండి!"

మామగారు తాళంచెవి చిన్నల్లుడి అరచేతిలో పెట్టారు. చిన్నల్లుడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"మేత నీ ఇష్టం నాయనా, ఏం కలుపుతావో కలుపు," అన్నారు మామగారు. "పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళకు. కోళ్ళు రోజూ స్నానం అడిగితే నేను కట్టెలు మోయలేను."