అంచు నాడె

అంచుకొక రంగు, నడుమకొక రంగు పట్టుచీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు ఉండాలి. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని, పోగును అడ్డంగా తీసుకుపోయే నడిమి నాడె ఆడించే మనిషి ఒకరు, పక్కన పీట మీద కూర్చుని అంచు నాడె వేసే మనిషి ఇంకొకరు. ధర్మవరంలో ఆ ఇంట్లో గుంతలో అంజనప్ప, పీట మీద ఆయన పెళ్లాం ఆదెమ్మ. పెళ్లయిన కొత్తలో మొదలైన ఏర్పాటు, ముప్పై ఏళ్లయినా మారలేదు. రోజంతా ఒకచోటే కూర్చుంటారు కదా, ఏం మాట్లాడుకుంటారమ్మా అని ఎవరైనా అడిగితే ఆదెమ్మ నవ్వేది. ఆయన "ఊఁ" అంటాడు, నేను నాడె వేస్తాను, అంతే అనేది. నిజానికి ఆ "ఊఁ"లోనే ఆయన కోపం, ఆకలి, నిద్రమత్తు, సరసం అన్నీ ఆమెకు తెలిసిపోయేవి. పిల్లలు లేని ఇంట్లో అదే పెద్ద సంసారం.

అంజనప్పకు షుగర్. మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మర్చిపోతాడు. ముహూర్తం చీర ఒకటి మగ్గం మీద సగంలో ఉండగా, తొక్కుడు కర్రకు లేచిన మేకు ఆయన బొటనవేలిని గీరింది. నొప్పి తెలియలేదు. నొప్పి లేదంటే పుండు మానుతున్నట్టే అనుకున్నాడు, ఆ మహానుభావుడు. నెత్తురు చుక్క పట్టు మీద పడితే చీర పాడవుతుందని, కింద పడి ఉన్న పట్టుపోగుల చిక్కు ఒకటి తీసుకుని వేలికి చుట్టి పైన గుడ్డ కట్టాడు. వాళ్ల నాయన కూడా అట్లాగే కట్టేవాడు. ఆదెమ్మ చేయి చాపితే అందేంత దగ్గర కూర్చునేది గానీ, కాలు గుంతలో ఉంటే ఆమెకు కనపడేదెట్లా? వాసన వచ్చిన రోజు మాత్రం అడిగింది.

"యాడో ఎలక సచ్చింటాదిలే," అన్నాడు. "చీర దిగనీ, అప్పుడు చూస్తాం."

చీరను మధ్యలో ఆపితే ఏమవుతుంది? పోగును బిగించడంలో మనిషికో దెబ్బ ఉంటుంది. ఒకరు సగం నేసిన చీరను మరొకరు అందుకుంటే, చేయి మారిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు ఆ గీతను వేలితో తడిమి చీరను పక్కకు నెట్టేస్తాడు. అందుకే జ్వరమొచ్చినా, ఇంట్లో చావొచ్చినా మొదలుపెట్టిన మనిషే నేసి దించాలి. అంజనప్ప దించలేకపోయాడు. ఒక మధ్యాహ్నం "ఊఁ" అనాల్సిన చోట అనకుండా మగ్గం మీదికి ఒరిగిపోయాడు.

పెనుకొండలో ఎరువుల అంగడి పెట్టుకున్న ఆదెమ్మ తమ్ముడు అమర్‌నాథ్, హిందూపురంలో తనకు తెలిసిన ఆసుపత్రి ఉందన్నాడు. తమ్ముడు అండగా ఉంటాడు కదా అని ఆదెమ్మ మొగుణ్ణి అంతదూరం తీసుకుపోయింది. అమర్‌నాథ్ చేర్చిన రోజు వచ్చి, డాక్టరుతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి, అక్క చేతిలో ఇడ్లీ పొట్లం పెట్టి వెళ్లాడు. మళ్లీ ఆ దిక్కు రాలేదు.

వేలు తీసేశారు. అంతవరకు సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు ఆదుకుంది. వేలు తీసిన చోట చీము పట్టి పాదానికి పాకింది. పాకినదానికి ఆ కార్డు చెల్లదన్నారు. రోగానికి ఒక ధర, రోగం ముదిరితే ఇంకో ధర. పైగా ముదరబెట్టుకున్నది మీరే కదా అన్నట్టు చూస్తారు కౌంటర్ దగ్గర. ఆదెమ్మ కమ్మలు అమ్మి మందులు తెచ్చింది. బోసి చెవులు మొగుడి కంట పడకుండా కొంగు తల మీదికి కప్పుకుంది. వార్డులో ప్రతి మంచానికీ ఇద్దరు ముగ్గురు వచ్చి పోతుంటే, వాళ్ల మంచం పక్కనున్న స్టూలు మీద మాత్రం ఆమె సంచి కూర్చుని ఉండేది.

డాక్టరు చెడ్డవాడు కాదు. విడమరిచే చెప్పాడు.

"మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కే అవకాశం ఎక్కువ. బెంగళూరు తీసుకెళ్తే కాలు దక్కొచ్చు, దక్కకపోవచ్చు. దారిలో విషం పైకెక్కితే నేనేమీ చెప్పలేను. సాయంత్రంలోగా చెప్పండి. మీ ఇష్టమమ్మా."

ఆదెమ్మ మొగుణ్ణి అడిగింది. జ్వరంతో మండిపోతూ కూడా అంజనప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కాలు లేకపోతే గుంతలోకి నేనెట్ల దిగేది? నన్ను కాలుతోనే ఇంటికి తీసకపో. సచ్చినా మగ్గం కాడే సస్తా. సంతకం పెట్టినావంటే సూడు."

ఆయనకు కునుకు పట్టగానే ఆమె పెనుకొండ బస్సెక్కింది. అమర్‌నాథ్ అంగడిలోనే ఉన్నాడు. కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించాడు. అంతా విని తల గోక్కున్నాడు.

"ఇట్లాంటివి మేం చెప్పకూడదక్కా. రేపు ఏమన్నా అయితే మా మీదికి మాటొస్తాది. నీ ఇష్టం."

"నాకేం తెలుస్తాదిరా?"

"తాగక్కా, చల్లారిపోతాది," అన్నాడు వాడు, కూల్‌డ్రింక్ సీసా చూపించి. ఏం మాట్లాడాలో తెలియక అన్నాడు, పాపం.

తిరుగు బస్సులో పెనుకొండ కొండ వెనక్కి పోతుంటే ఆదెమ్మకు దుఃఖం ఆగలేదు. డాక్టరు నీ ఇష్టమన్నాడు, తమ్ముడు నీ ఇష్టమన్నాడు. ఇష్టమంటే ఏమిటో తెలియకుండానే ఇంత వయసొచ్చింది ఆమెకు. నాడె ఎప్పుడు వేయాలో కూడా ఆయన అంటేనే వేసిన మనిషి. ఇప్పుడు "ఊఁ" అనేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు.

హిందూపురంలో దిగి, నేరుగా పోయి సంతకం పెట్టింది.

స్ట్రెచర్ వచ్చినప్పుడు అంజనప్ప కళ్లు తెరిచాడు. "యాడికి?"

"పుండు కడుగుతారంట. అంతే."

"నువ్వు ఈడే ఉంటావు కదా?"

"ఈడే ఉంటా. యాడికి పోతా?"

ఆయన నమ్మాడు. నమ్మి, చేయి వదిలేశాడు.

మెలకువ వచ్చాక దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. అరుస్తాడని, తిడతాడని ఆదెమ్మ ఎదురుచూసింది. ఆయన దుప్పటి మళ్లీ కప్పుకుని గోడవైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. ధర్మవరం తిరిగొచ్చాక కూడా అదే వరస. పెట్టింది తింటాడు, చంక కర్ర ఇస్తే పట్టుకుంటాడు, ఆమె ముఖం మాత్రం చూడడు. మనిషి దక్కాడని వీధిలో అందరూ అన్నారు. ఇంట్లో ఆదెమ్మకు దక్కింది ఆయన వీపు.

షావుకారు కబురు పంపాడు. సగం చీరను అందుకునే మనిషి ఊర్లో ఎవరూ ఉండరు, కోసి దించేయమన్నాడు. ఆదెమ్మ కత్తెర పట్టుకుని మగ్గం దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత కత్తెర గూట్లో పెట్టి, గుంతలోకి దిగింది. ముందు ఆ మేకును రాయితో కొట్టి అణచింది. ఆయన పాదం రాసుకుని నునుపెక్కిన కర్ర మీద తన పాదం పెట్టింది. తొక్కుడు అలవాటు లేదు. పోగు తెగింది, ముడేసింది. అంచు దాకా వచ్చి ఆగింది. పక్కన పీట ఖాళీ. లేచి, వంగి, అంచు నాడె తనే వేసి, మళ్లీ కూర్చుంది. అట్లా జానెడు నేసేసరికి నడుం విరిగిపోయింది. ఇంకోసారి అంచు దాకా వచ్చి, అలవాటుగా చెవులు రిక్కించింది. ఏ శబ్దమూ లేదు. అప్పుడు తనే సన్నగా, "ఊఁ" అంది.

అని సిగ్గుపడింది. ఇంకోసారి అంది.

వెనక మంచం కిర్రుమంది. నేల మీద ఏదో జరుగుతున్న చప్పుడు. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతాడని భయం. అంజనప్ప చేతుల మీద జరుగుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. పీట దగ్గర కాళ్లతో పని లేదు. అంచు నాడె అందుకుని వేశాడు.

ఇద్దరూ కాసేపు నేశారు. తర్వాత ఆయన చీర మీద వేలితో తడుముతూ ఒకచోట ఆపాడు. అక్కడిదాకా ఆయన దెబ్బ, అక్కడినుంచి ఆమెది. గీత సన్నగా, అడ్డంగా ఉంది.

"ఈడ కనపడతాది," అన్నాడు. ఆసుపత్రి తర్వాత అదే మొదటి మాట.

"కనపడనీ."

"పుండు కడుగుతారంటివి."

"అంటి."

ఆయన వేలు గీత మీదే చాలాసేపు ఉంది. తర్వాత నాడె చేతిలోకి తీసుకున్నాడు.

"ఊఁ అను," అన్నాడు.

ఆదెమ్మ కర్ర తొక్కింది.