వెండెల్ వెతికిన దుప్పి

కెర్కా వాగుకి ఇవతల ఉన్న ఏడు ఊళ్ళలోనూ ముసలితనంలో విల్లు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ అక్టోబరు ఉదయం అరవై అంగల దూరంలో పరుగెత్తుతున్న మగ దుప్పిని ఒక్క బాణంతో కొట్టాను. అది రెండో అడుగు వెయ్యలేదు. నమ్మనివాళ్ళు మా ఇంటికి రావచ్చు, కొమ్ములు గోడకే ఉన్నాయి.

నా సంగతి తర్వాత. ఇది వెండెల్ కథ.

నేను బాణం వేసిన వేళకి వెండెల్ తన వంటింట్లో మోకాలి మీద కూర్చుని, పది మీటర్ల తోలు పగ్గానికి పందికొవ్వు పట్టిస్తున్నాడు. జానెడు రుద్దడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ జానెడు. అతని కుక్క మాకోష్ అతని బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. దాని మూతి మీద గసగసాలు చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి. మా భాషలో మాకోష్ అంటే గసగసాలది, పేరు అందుకే వచ్చింది. గాయపడి తప్పించుకున్న జంతువు జాడ పట్టడంలో ఆ కుక్కకి సాటి లేదు.

వెండెల్‌కి అరవై మూడేళ్ళు. సన్నటి మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్డు గుంతలు పూడ్చి పూడ్చి వీపు ఒక పక్కకి ఒంగిపోయింది. ఏ సబ్బుకీ లొంగని తారు వేళ్ళ గీతల్లో ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా జంతువుని కొట్టి పోగొట్టుకుంటే వచ్చి అతని తలుపు తట్టేవారు. అతను వెళ్ళేవాడు, వెతికేవాడు, కాగితంలో చుట్టిన కాలేయం ముక్కతో ఇంటికి వచ్చేవాడు. పాత పచ్చ కోటు వేసుకుని గోడ వారగా నడిచే అలాంటి మనిషిని ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

ఆ రోజు మాత్రం ఆ కోటు కింద తెల్ల చొక్కా ఉంది. గడ్డం గీసుకుంటూ తెగిన చోట చిన్న కాగితం ముక్క అంటించుకున్నాడు. కారణం గిజెల్లా.

గిజెల్లా మా పోస్టాఫీసు కిటికీ వెనక ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుంది. వెండెల్ ప్రతి సోమవారం వెళ్ళి ఒక స్టాంపు కొనేవాడు. ఉత్తరం రాయడానికి అతనికి ఎవరూ లేరు. మా వైపు, వేటలో పడ్డ జంతువు నెత్తురులో ఒక చెట్టు రెమ్మ అద్ది, కొట్టినవాడి టోపీకి పెడతారు. జాడ పట్టించి ఇచ్చింది కుక్క అయితే, కొట్టినవాడు ఆ రెమ్మలో ముక్క విరిచి కుక్కవాడికివ్వాలి. అతను దాన్ని కుక్క మెడపట్టీకి గుచ్చుతాడు. వెండెల్ ఆ ముక్కని మర్నాడు తీసుకెళ్ళి గిజెల్లా బల్ల మీద పెట్టేవాడు.

“దొరికిందా?” అనేది ఆమె.

“దొరికిందండీ.”

ఇరవై ఎనిమిదేళ్ళలో వాళ్ళ ప్రేమ అంతవరకే నడిచింది. ఆ వేసవిలో పోస్టాఫీసు మూసేశారు. దేశానికి అటు చివరనున్న సెగెద్‌లో చెల్లెలి దగ్గర ఉండిపోవడానికి గిజెల్లా ఇల్లు అమ్మేసింది. నేను దుప్పిని కొట్టిన రోజే నాలుగు గంటల బస్సుకి ప్రయాణం. “ఉండిపొమ్మని అడుగుతాన్రా,” అని ఆదివారం సారా దుకాణంలో మూడో గ్లాసు తర్వాత వెండెల్ నాతో అన్నాడు. మూడో గ్లాసు లేకపోతే అది నాకూ తెలిసేది కాదు.

ఎనిమిదింటికి నేను మోకాళ్ళ దాకా బురదతో వెళ్ళి అతని తలుపు తట్టాను.

“కొట్టేశాన్రా వెండెల్!”

“పడిందా?”

“పడే ఉంటుంది.”

“ఉంటుందా? అయితే నా దగ్గరికెందుకొచ్చావు?”

బాణం అందించాను. వాసన చూశాడు. పుల్ల మీద నెత్తురుతోపాటు పచ్చటి జిగురుంది.

“కడుపులో కొట్టావు. మంచె దిగి దాని వెనక పడేముందు ఎంతసేపు ఆగావు?”

“ఒక సిగరెట్టు కాల్చేంతసేపు.”

“మొత్తం కాల్చావా?”

“సగం.”

ఇక దాచి లాభం లేదు. అరవై అంగలన్నది పదిహేడు. దుప్పి పరుగెత్తడం లేదు, నా మంచె కింద నిలబడి వెనకకాలితో చెవి గోక్కుంటోంది. రెండో అడుగు వెయ్యలేదన్నానే, అది ఆ రోజు రెండున్నర కిలోమీటర్లు నడిచింది. కడుపులో బాణం తగిలిన దుప్పిని వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, నాలుగైదు గంటల్లో ప్రాణం పోతుంది. తరిమితే లేచి పోతుంది. మా ఊళ్ళో పాలు పిండే ఆడవాళ్ళకి కూడా తెలిసిన సంగతే. కానీ టోపీకి రెమ్మ పెట్టుకుని సారా దుకాణం తెరిచేసరికి అక్కడ కూర్చోవాలని నా తొందర. పడుకున్నదాన్ని లేపేశాను.

“పన్నెండు దాకా దాని జోలికి పోకూడదు,” అన్నాడు వెండెల్.

“మరి ఈలోపు గిజెల్లా ఇంటికి వెళ్ళిరా. చొక్కా కూడా బాగుంది.”

వెళ్ళాడు. పావుగంటలో తిరిగొచ్చాడు.

“అడిగావా?”

“వాకిలి నిండా ఆడవాళ్ళేరా. గిన్నెలు సర్దుతున్నారు. బస్సు దగ్గరైతే ఒక్కతే ఉంటుంది, అక్కడ అడుగుతా.”

“ఇరవై ఎనిమిదేళ్ళు కిటికీ దగ్గర ఒక్కతే ఉంది కదరా!”

“అప్పుడు స్టాంపు కొనాల్సొచ్చింది,” అన్నాడు, నవ్వకుండా.

పన్నెండింటికి బయల్దేరాం. మంచె దగ్గర మాకోష్‌కి వెడల్పాటి పట్టీ తగిలించి, పగ్గం వదులుగా వదిలి, “వెతుకమ్మా,” అన్నాడు. అది ముక్కు నేలకానించి మెల్లగా కదిలింది. ఎండుటాకుల మీద ముందు నల్లటి చుక్కలు, తర్వాత అవీ లేవు. కుక్క మాత్రం దారి తప్పలేదు. నెత్తురు కనబడిన చోటల్లా నేను కాగితం పీలిక కొమ్మకి కట్టాను, ఆ పని నాకిచ్చాడు. మొదటి పడకలో నెత్తురు ఎండిపోయింది. నేను లేపింది అక్కణ్ణుంచే. అక్కడ మోకాలేసి ఆకుల్ని చాలాసేపు చూశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

రెండింటికి రెండో పడక, మూడింటికి మూడోది. జాడ ఊరికి దూరంగా, వాగు వైపు దిగుతోంది. కడుపు మండే జంతువు నీళ్ళకే పోతుంది. వెండెల్ గడియారం చూసుకున్నాడు. బస్సు స్టాపుకి ముప్పావుగంట నడక.

“నువ్వెళ్ళరా,” అన్నాను. “పగ్గం నాకివ్వు. దుప్పి నాది, నేను చూసుకుంటా.”

“మాకోష్ నీ మాట వినదు. నీ బాణమే వినలేదు.”

“వెండెల్, నాలుగింటికి బస్సు...”

“అది బతికుందిరా,” అన్నాడు మెల్లగా. “పొద్దున్నించీ.”

అతని చేతిలో పగ్గం ఒక్కసారి బిగిసింది, తర్వాత వదులైంది. మాకోష్ వెనక్కి తిరిగి అతన్ని చూసింది. “వెతుకమ్మా,” అన్నాడు.

వాగు ఒడ్డున, నీళ్ళలో పెరిగే చెట్ల మధ్య దొరికింది. ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పడుకుంది, తల మాత్రం ఎత్తే ఉంది. మమ్మల్ని చూసినా లేవలేకపోయింది. వెండెల్ కుక్కని వెనక్కి లాగి నాకు తల ఊపాడు. పది అంగల నుంచి రెండో బాణం వేశాను. అది మాత్రం సరిగ్గా తగిలింది. కాసేపటికి తల వాల్చేసింది.

వెండెల్ టోపీ తీశాడు. పచ్చటి రెమ్మ ఒకటి తుంచి, ఆఖరి మేతగా దాని పళ్ళ మధ్య పెట్టాడు. ఇంకోటి నెత్తురులో అద్ది నాకిచ్చాడు. నేను దాన్ని విరిచి పెద్ద ముక్క అతనికిచ్చాను. ఎప్పుడూ చిన్న ముక్కే ఇస్తారు.

అప్పుడే దూరంగా గట్టు మీద రోడ్డున బస్సు చప్పుడు వినబడింది. ఆ రోడ్డులో ప్రతి గుంతా వెండెల్ పూడ్చిందే. “రాళ్ళ క్వారీ మలుపు,” అన్నాడు. “చర్చి కింద పల్లం.” తర్వాత, “ఆగింది.”

ఇద్దరం నిలబడిపోయాం. ఇంజను ఆపకుండా బస్సు అక్కడే ఉంది. గిజెల్లా మెట్టు మీద ఒక కాలు పెట్టి, “కాస్త ఆగండి, ఎవరో రావాలి,” అని డ్రైవరుతో అంటున్నట్టే ఉంది. డ్రైవరు ఆగాడు. నేను సిగరెట్టు వెలిగించాను, ఈసారి మొత్తం కాల్చాను. అప్పటిగ్గానీ బస్సు కదల్లేదు. మలుపు, తర్వాత మెట్ట, తర్వాత ఏమీ లేదు. వెండెల్ మాకోష్ చెవుల మీద అంటిన బురద వేలితో తీస్తూ కూర్చున్నాడు.

దుప్పిని తర్వాత ట్రాక్టరు మీద తెచ్చుకుందామని అక్కడే వదిలి, చీకటి పడకముందే రోడ్డు మీదకి వచ్చాం. మా స్టాపులో బెంచీ లేదు. అక్కడ వంటింటి కుర్చీ ఒకటి ఉంది. ఇల్లంతా ఖాళీ చేసిన గిజెల్లా, కూర్చోవడానికి దాన్ని వెంట తెచ్చుకుని అక్కడే వదిలేసింది. వెండెల్ దాని ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు, ముట్టుకోలేదు.

“నా వల్లేరా,” అన్నాను.

“దుప్పి దొరికింది కదా,” అన్నాడు.

ఒకటి ఒప్పుకోవాలి. బస్సు ఆగి ఎదురుచూసిందన్నది నేను అల్లింది. తలుపు తెరుచుకున్నంతసేపే ఆగింది, వెండెల్ కూడా విన్నాడు. నేను కాల్చిన సిగరెట్టు మాటా అబద్ధమే, నా అగ్గిపెట్టె తడిసిపోయింది. కుర్చీ మాత్రం అల్లలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, వానొచ్చిన రోజుల్లో ఎవరో దాని మీద ఎరువుల సంచి కప్పి వెళతారు. ఆమె పెట్టినట్టే, బస్సొచ్చే రోడ్డుకి వీపు పెట్టి, మేం అడవిలోంచి వచ్చే దారికి ఎదురుగా ఉంటుంది.