నత్తలు తీసేసిన చోట

ఆమె భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ ఉండగా హాల్లోంచి అతని గొంతు వినిపించింది. "తనకి ఇష్టం లేక కాదు మేడమ్. తను లేకపోతే మా ఇల్లు ఒక్క పూట నడవదు. మీకు తెలియనిదేముంది." ఆ వెంటనే మర్యాదగా ఓ నవ్వు, ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. ఆ ఫోను ఆమెది. ఛార్జింగుకని హాల్లో పెట్టి వచ్చింది.

"ఎవరండీ?" అంది.

"మీ పెద్దమేడమ్, సరస్సు దగ్గర్నుంచి. నీళ్ళు పచ్చబడిపోతున్నాయట. వానలు తగ్గేదాకా నువ్వక్కడ ఉండి నత్తల లెక్క మళ్ళీ తియ్యాలట. పాత లెక్క తెలిసినదానివి నువ్వొక్కదానివేనంది. కుదరదని చెప్పేశాను. రేపటిలోగా నీ నోటితో కూడా ఓ మాట చెప్పమంది. అవునూ, నా నీలం టై ఎక్కడ?"

టై ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమెకు దక్కుతున్న బిరుదు అదొక్కటే. "మా కోడలు లేకపోతే ఈ ఇంట్లో ఆకు కదలదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "తను లేకపోతే నేను సున్నా" అని భర్త పార్టీల్లో గ్లాసు ఎత్తి అనేవాడు. మొదట్లో ఆమె మురిసిపోయింది కూడా. ఒకసారి జ్వరంతో పడుకుంటే భర్తా పిల్లలూ మంచం చుట్టూ చేరి, కుక్కరు మూత ఎటు తిప్పాలని అడిగారు. జ్వరం ఎంతుందని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు నవ్వు రావడం మానేసింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆమె భర్త కంపెనీల డాక్టరు. అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఏ సంస్థ ఎందుకు బతుకుతుంది, ఏది ఎందుకు కూలుతుంది, ఒక చోట దెబ్బ తగిలితే ఇంకో చోట ఎందుకు నొప్పి పుడుతుంది, ఇదంతా తెరమీద వలయాలూ బాణాలూ వేసి చెబుతాడు. అతని పేరు మోగిపోయింది మాత్రం కుర్చీ పరీక్ష వల్ల. ఏ ఆఫీసుకు వెళ్ళినా, అందరూ ఎవరిమీద ఆధారపడుతున్నారో ఆ మనిషి కుర్చీని తీయించి వరండాలో పెట్టిస్తాడు. ఆ మనిషికి వారం రోజులు సెలవు. ఫోను చేయకూడదు. పని ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్రగుర్తు పెడతాడు. "ఒక్క మనిషి లేకపోతే ఆగిపోయే ఆఫీసు, ఆ మనిషి గొప్పతనానికి గుర్తు కాదు. ఆ ఆఫీసు జబ్బుకి గుర్తు" అంటాడు. జనం చప్పట్లు కొడతారు.

ఆ వలయాలు గీసేది ఆమే. నిన్న సాయంత్రం కూడా అతను సోఫాలో కాళ్ళు చాపుకుని చెబుతుంటే ఆమె టైపు చేసింది. "ఒక సరస్సులో, ఒక పరిశోధకుడు, నత్తల్ని తీసేసి చూశాడు. రాశావా?" అన్నాడు. రాసింది. పరిశోధకుడట. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఆమెకు గుర్తొచ్చింది. పనికొచ్చింది కానీ చెట్టు ఎవరిదో చెప్పరంతే, అనుకుంది.

టై తీసి అతని చేతికిచ్చి, మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. వేడి గుడ్డమీద నీళ్ళు చిలకరిస్తే లేచిన ఆవిరి వాసనకు, ఎందుకో సరస్సు ఒడ్డున రేకుల షెడ్డు కళ్ళ ముందుకొచ్చింది. వాన పడి ఎండ కాస్తే ఆ రేకులు అచ్చం ఇలాగే ఆవిర్లు కక్కేవి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నడుముకి బురద, జేబులో బ్రెడ్డుముక్క. పెళ్ళికి ముందు పెద్దమేడమ్ దగ్గర పరిశోధన చేసిన ఆ రోజుల్లో అందరూ ఆమెను నత్తలమ్మాయి అని పిలిచేవారు. సరస్సు అంచున నీటి మొక్కల మధ్య వలకట్టి, లోపలి నత్తల్ని చేత్తో ఏరి బయట వేసింది. నత్తలేం చేస్తాయి, ఊరికే ఆకుల మీద పాకుతుంటాయి అనుకునేవారంతా. అవి పోయాక ఆకులకు పాచి పట్టింది. పాచి కింద వెలుతురందక మొక్కలు కుళ్ళాయి. మొక్కల్లో దాక్కునే చేపపిల్లలు ఎటో పోయాయి. పక్క వలలో రెండు రకాల నత్తలుండేవి. అక్కడ ఒక రకాన్ని తీసేసినా రెండో రకం ఆ పని అందుకుంది, నీళ్ళు తేటగానే ఉన్నాయి.

ఆమె ఎగిరి గంతేసింది. "చూశారా మేడమ్, నత్త ఎంత గొప్పదో."

పెద్దమేడమ్ కళ్ళద్దాలు పైటతో తుడుచుకుంటూ నవ్వింది. "నత్త గొప్పదని కాదే పిచ్చిదానా. ఒకే ఒక్క నత్తమీద బతుకుతున్న నీళ్ళకి జబ్బు చేసిందని. రెండో వల చూడు. అవీ బలమైన నీళ్ళంటే."

సంస్థలమీద చదువుకుంటూ ఆ వానాకాలమే ఒక కుర్రవాడు అక్కడికి వచ్చాడు. పడవలో నిలబడి ఉపన్యాసం ఇస్తూ నీళ్ళలో పడ్డాడు. కాలరు పట్టుకుని పైకి లాగింది ఆమే. వొళ్ళంతా నాచుతో, "నీ నత్తల సంగతి మళ్ళీ చెప్పు" అని అడిగాడు. అంత శ్రద్ధగా ఆమె మాట అంతకుముందు ఎవరూ వినలేదు. ఆ వినడాన్ని ప్రేమించి, అతన్నే పెళ్ళి చేసుకుంది. ఆ కుర్రవాడంటే ఇప్పటికీ ఆమెకు బెంగే. ఎక్కడున్నాడో తెలిస్తే వెళ్ళి పలకరించి వచ్చేది. పెళ్ళయ్యాక సరస్సుకి వెళ్తానంటే 'ఈ ఏడాదికి ఆగు' అన్నారు. పాప పుట్టాక, బాబు పుట్టాక, మామగారు మంచాన పడ్డాక, ప్రతిసారీ ఈ ఏడాదికే. రబ్బరు బూట్లు మాత్రం అటకమీద భద్రంగా ఉన్నాయి.

ఇస్త్రీ పెట్టె తీగ పీకేసి, కాఫీలు కలుపుకుని బయటికి వచ్చింది. భర్త, అత్తగారు, కొడుకు, కూతురు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు.

"మేడమ్‌కి వస్తానని చెబుతున్నానండీ" అంది, గ్లాసు అతని ముందు పెడుతూ.

అతను తలెత్తలేదు. "కుదరదని చెప్పేశాగా."

"మీరు చెప్పారు. నేను చెప్పలేదు."

అత్తగారు చెంచా కింద పెట్టింది. "మరి నా మందులో అమ్మాయ్? ఏ మాత్ర ఎప్పుడో నాకేం తెలుసు?"

"అమ్మా, నా పరీక్షలు" అన్నాడు కొడుకు.

"చూశావా" అన్నాడు భర్త, గెలిచినవాడిలా. "నువ్వు లేకపోతే ఇల్లు నడవదు. నేనేం ముఖస్తుతికి అనడం లేదు."

"నడవకపోతే జబ్బు ఇంటిదండీ. ఊరందరికీ చెప్పేది మీరేగా."

"అది ఆఫీసు, ఇది సంసారం. రెండూ ఒకటెలా అవుతాయి?"

"సరస్సూ ఆఫీసూ ఒకటే అయినప్పుడు సంసారం ఒక్కటే వేరెందుకైంది?"

కూతురు గ్లాసులోకి నవ్వింది. అతను టై సర్దుకున్నాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది అతని ముఖం. "సరే, ఏం చేద్దామంటావు?"

"మీ పరీక్షే చేద్దాం. నా కుర్చీ తీసి వరండాలో పెడతాను. వానలు తగ్గాక ఎర్రగుర్తులు లెక్కేసుకుందాం."

అని కుర్చీ కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. భర్త ఒక కుర్చీలో ఉన్నాడు. పిల్లలు రెండింట్లో. నాలుగోది మామగారిది, ఆయన పోయాక అత్తగారికి వచ్చింది. అంతకుముందు అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లోనే తినేవారు. బల్ల కొన్ననాడు దుకాణంలో భర్త అన్న మాట ఆమెకు ఇప్పుడు చెవి పక్కనే అన్నట్టు వినిపించింది. "నువ్వూ అమ్మా ఎలాగూ వడ్డించాకే తింటారు. నాలుగు చాల్లే."

అందరికంటే ముందు అత్తగారికి అర్థమైంది. ఆవిడ తను కూర్చున్న కుర్చీ చేతిని ఒకసారి తడిమి చూసుకుంది. కోడలి ముఖంలోకి చూసింది.

"మందుల డబ్బా ఇలా తెచ్చి, ఏది ఎప్పుడో చూపించి వెళ్ళు" అంది. "నేర్చుకుంటాను. నా కొడుక్కీ నేర్పుతాను."

ఆమె డబ్బా తెచ్చి చూపించింది. తర్వాత స్టూలు వేసుకుని అటకమీది బూట్లు దించి, దుమ్ము దులిపి, వీధి గుమ్మం పక్కన పెట్టింది. ఫోను అందుకుని, "మేడమ్, నేను. రేపే బయల్దేరుతున్నాను" అంది.

ఆ ఇంట్లో తీసి బయట పెట్టడానికి ఆమెకంటూ కుర్చీ లేదు. అందుకని తనే వెళ్ళింది.